మీ ఫోన్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక లేబుల్ ఉంది: దాన్ని పాలసీలో రాసేదెలా?

కస్టమ్ రోమ్‌లు ఫ్లాష్ చేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ లైన్ చూసే ఉంటారు. డౌన్‌లోడ్ పేజీలో కెమెరా ఓకే, బ్లూటూత్ ఓకే, వైఫై ఓకే అన్న లిస్ట్ అంతా అయ్యాక, కింద ఎక్కడో "ఎస్ఈలినక్స్: పర్మిసివ్" అని ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు. చదివినవాళ్లు కూడా "అదేదో డెవలపర్ల గొడవ, మనకెందుకు" అనుకుని ఫ్లాష్ కొట్టేస్తారు. సాయంత్రానికి అదే ఫోన్‌లో యూపీఐ పిన్ కొడుతుంటారు.

నా ఉద్యోగం ఆ లైన్‌కి అవతలి వైపు ఉంటుంది. ఆండ్రాయిడ్‌తో నడిచే డివైస్‌లకి వెండర్ వైపు సెక్యూరిటీ పాలసీ రాయడం నా పని. బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్‌లో మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్ అని ఒక పేరా చదివి పరీక్ష రాసేశాం. అసలు విషయం ఆ పేరాలో లేదు. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చు అన్న రూల్స్ గురించి ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతుంది. కానీ ఆ రూల్స్ అన్నీ లేబుల్స్ మీదే నడుస్తాయి. లేబుల్ తప్పుగా ఉంటే రూల్ ఎంత బాగా రాసినా దండగే. అందుకే ఇవాళ లేబుల్ ఒక్కదాని గురించే: అది ఏంటి, అందులో ఏముంటుంది, పాలసీ భాషలో దాన్ని ఎలా డిఫైన్ చేస్తారు.

ముందే ఒక మాట. ఇక్కడ కోడ్‌ని, కమాండ్స్‌ని నోటితో పలికినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. మీ టెర్మినల్‌లో అవే ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కనపడతాయి.

గేటు దగ్గర ఓనర్ మాట చెల్లదు

మాది కందుకూరు. ఆంధ్రలో ఉన్న కందుకూరు కాదు, రంగారెడ్డి జిల్లాలో శ్రీశైలం రోడ్డు మీద ఉన్నది. (ఈ తేడాతో తర్వాత పని పడుతుంది, గుర్తుంచుకోండి.) తుక్కుగూడ మీదుగా పోతే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మాకు దగ్గరే. మా వైపు ఎవరైనా ఎంఎస్‌కి అమెరికా పోతుంటే రెండు బండ్ల నిండా చుట్టాలు పోతారు. డిపార్చర్ గేటు దగ్గర మాత్రం అందరూ ఆగిపోవాల్సిందే. టికెట్టో, చెల్లే పాసో ఉన్నవాళ్లే లోపలికి. "సార్, మా అమ్మని సెక్యూరిటీ చెక్ దాకా రానియ్యండి సార్" అని పిల్లాడు ఎంత బతిమాలినా సీఐఎస్ఎఫ్ జవాన్ వదలడు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, టికెట్ ఆ పిల్లాడిదే. డబ్బులు కట్టింది వాళ్ల నాన్నే. అయినా ఇంకొకరిని లోపలికి తెచ్చే హక్కు ఆ టికెట్‌తో పాటు రాలేదు. రూల్ రాసేది బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, నిలబడి అమలు చేసేది సీఐఎస్ఎఫ్. లోపల పనిచేసే స్టాఫ్‌కీ ఇదే కథ. వాళ్ల ఎంట్రీ పాస్ మీద ఏ ఏరియాల్లోకి పోవచ్చో అక్షరాలతో ఉంటుంది. కాఫీ షాప్‌లో చేసే అన్న తన పాస్‌ని తమ్ముడికి ఇచ్చి "నా బదులు నువ్వు పో" అనలేడు.

ఇంటి సంగతి వేరు. మన ఇంటి తాళం మనం ఎవరికి కావాలంటే వాళ్లకి ఇస్తాం. మామూలు లినక్స్ పర్మిషన్లు ఇంటి తాళం లాంటివి. ఫైల్ ఎవరిదో వాళ్లే సిహెచ్‌మాడ్ 777 అని కొట్టి ఊరందరికీ తలుపు తీసేయొచ్చు. దీన్ని డిస్క్రీషనరీ యాక్సెస్ కంట్రోల్ అంటారు. ఓనర్ ఇష్టానికి సంబంధం లేకుండా పైనున్న పాలసీ ఒక్కటే తేల్చేది మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్. ఎస్ఈలినక్స్ ఈ రెండో రకం. ఇది మొదటిదాన్ని తీసేయదు, దాని మీద ఇంకో గేటు పెడుతుంది. రెండు గేట్లూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది.

లేబుల్ మనుషులకే కాదు, వస్తువులకీ ఉంటుంది. 2017 ఏప్రిల్‌కి ముందు హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: హ్యాండ్ బ్యాగ్‌కి ఒక ట్యాగ్ కట్టి, ఎక్స్‌రే అయ్యాక దాని మీద స్టాంప్ వేసేవాళ్లు. స్టాంప్ లేని బ్యాగ్ విమానం ఎక్కేది కాదు. బ్యాగ్‌లో బట్టలున్నాయా, పచ్చడి ఉందా అని బోర్డింగ్ గేటు దగ్గర మళ్లీ ఎవరూ చూడరు. ట్యాగ్ చూస్తారు, అంతే. ఫోన్‌లో కెర్నల్ చేసేది కూడా అదే. అడిగే ప్రాసెస్‌కి ఒక లేబుల్, అడిగిన ఫైల్‌కి ఒక లేబుల్. ఆ రెండూ, ఆ వస్తువు ఏ రకం, చేయాలనుకున్న పని ఏంటి అన్నది చూసి అవును లేదా కాదు అంటుంది.

పోలికని ఇంతకంటే లాగను. జవాన్ మనిషి, మొహం చూస్తాడు, అనుమానం వస్తే ఆపి అడుగుతాడు. కెర్నల్‌కి అంత తెలివి లేదు. లేబుల్‌లో లేనిది దానికి తెలియదు.

లేబుల్‌లో నాలుగు ముక్కలు

మీ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి కనెక్ట్ చేసి, ఏడీబీ షెల్‌లోకి వెళ్లండి. రూట్ అక్కర్లేదు. ఐడి అని టైప్ చేసి పక్కన హైఫన్, పెద్ద జెడ్ కొట్టండి. ఇలా వస్తుంది:

యు:ఆర్:షెల్:ఎస్0

ఇదే లేబుల్. ఎస్ఈలినక్స్ భాషలో దీన్ని సెక్యూరిటీ కాంటెక్స్ట్ అంటారు. కోలన్లతో విడదీసిన నాలుగు ముక్కలు: యూజర్, రోల్, టైప్, లెవెల్.

మొదటి రెండూ ఆండ్రాయిడ్‌లో పేరుకే ఉన్నాయి. యూజర్ ఎప్పుడూ "యు", ప్రాసెస్‌లకి రోల్ ఎప్పుడూ "ఆర్". సర్వర్లలో వాడే ఫెడోరా, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్‌లలో వీటికి అసలైన పని ఉంటుంది. ఏ ఉద్యోగి ఏ రోల్‌లోకి మారొచ్చు లాంటివి అక్కడ చూసుకుంటారు. ఫోన్‌లో అంత సీన్ లేదు. కానీ భాష ఒప్పుకోదు కాబట్టి ఖాళీగా వదలలేం.

ఫైల్స్‌కి రోల్ స్థానంలో "ఆబ్జెక్ట్_ఆర్" అని కనపడుతుంది. ఫైల్‌కి రోల్ ఏంటి అని అడక్కండి, దానికి రోల్ ఉండదు. ఆ ఖాళీ నింపడానికి పెట్టిన పేరు అది. కెర్నల్ కూడా ఈ పేరు కనపడితే రోల్‌కి సంబంధించిన తనిఖీలు వదిలేస్తుంది.

మూడోది టైప్. అసలు ఆట అంతా ఇక్కడే. రూల్స్‌లో దాదాపు అన్నీ "ఈ టైప్ ప్రాసెస్ ఆ టైప్ ఫైల్‌ని చదవొచ్చు" అన్న రూపంలోనే ఉంటాయి. ప్లే స్టోర్ నుంచి మనం వేసుకునే యాప్‌ల టైప్ పేరు "అన్‌ట్రస్టెడ్_యాప్". చదివి కోపం తెచ్చుకోవద్దు, అది తిట్టు కాదు. పక్కన 30, 32 లాంటి నంబర్ కూడా ఉండొచ్చు. యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ని టార్గెట్ చేసిందో దాన్ని బట్టి ఆ నంబర్ వస్తుంది.

నాలుగోది లెవెల్. దీని వెనక పాత మిలిటరీ చరిత్ర ఉంది. 1973లో బెల్, లపాడులా అనే ఇద్దరు అమెరికా సైన్యం రహస్య పత్రాల కోసం ఒక మోడల్ తయారుచేశారు. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మెట్లు. కింది మెట్టు మీదున్నవాడు పైది చదవకూడదు. పైవాడు కిందికి రాయకూడదు, రాస్తే రహస్యం జారిపోతుంది. ఎస్ఈలినక్స్‌ని 2000 డిసెంబర్‌లో బయటపెట్టింది కూడా అమెరికా ఎన్ఎస్ఏనే. (అవును, ఆ ఎన్ఎస్ఏనే. కోడ్ ఓపెన్ సోర్స్, 2003 నుంచి లినక్స్ కెర్నల్‌లో అందరి కళ్లముందు ఉంది.) మీ ఫోన్‌లో ఆ మెట్లు లేవు. ఉన్నది ఒకటే మెట్టు, ఎస్0. మెట్ల పక్కన పెట్టుకునే కేటగిరీలని మాత్రం గూగుల్ ఇంకో పనికి వాడుకుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన భాగం అదే.

డ్యూయల్ వాట్సాప్ లెక్క

ఏడీబీ షెల్‌లోనే పీఎస్ హైఫన్ పెద్ద ఏ పెద్ద జెడ్ కొడితే నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ లేబుల్స్‌తో సహా వస్తాయి. ఒక యాప్ లేబుల్ ఇలా ఉంటుంది:

యు:ఆర్:అన్‌ట్రస్టెడ్_యాప్:ఎస్0:సి205,సి256,సి512,సి768

ఈ నాలుగు సి నంబర్లు ఎక్కడివి? ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక నంబర్ వస్తుంది. అది 205 అనుకుందాం. కేటగిరీలు సి0 నుంచి సి1023 దాకా మొత్తం 1024 ఉన్నాయి. వాటిని 256 చొప్పున నాలుగు గదులుగా చేశారు. యాప్ నంబర్‌ని 256తో భాగిస్తే వచ్చే శేషం మొదటి గదిలోకి, భాగఫలం రెండో గదిలోకి. 205కి శేషం 205, భాగఫలం 0. అందుకే సి205, ఇంకా 256+0 అంటే సి256. ఫోన్ యూజర్ నంబర్‌కీ ఇదే లెక్క, మూడో గది 512 నుంచి, నాలుగోది 768 నుంచి. ఫోన్ అసలు ఓనర్ యూజర్ 0. కాబట్టి సి512, సి768.

ఇప్పుడు షావోమీ ఫోన్లలో డ్యూయల్ యాప్స్ తీసుకోండి. రెండో వాట్సాప్ అదే ఫోన్‌లో 999 అనే నంబర్ ఉన్న వేరే యూజర్ కింద నడుస్తుంది. 999ని 256తో భాగిస్తే భాగఫలం 3, శేషం 231. కాబట్టి 512+231 అంటే సి743, 768+3 అంటే సి771. మొదటి వాట్సాప్ లేబుల్ చివర సి512,సి768 ఉంటే రెండోదాని చివర సి743,సి771 ఉంటాయి. యాప్ ఒక్కటే, టైప్ ఒక్కటే, కానీ లేబుల్స్ వేరు. దాని ఫైల్స్ ఇది తెరవలేదు, దీని ఫైల్స్ అది తెరవలేదు. ఆఫీస్ వర్క్ ప్రొఫైల్ చాలా ఫోన్లలో యూజర్ 10గా ఉంటుంది, అప్పుడు సి522 కనపడుతుంది. మీ ఫోన్‌లో చూసి లెక్క వేసుకోండి, సరదాగా ఉంటుంది.

యాప్ నంబర్ కూడా లేబుల్‌లోకి రావడం ఆండ్రాయిడ్ 9తో మొదలైంది. ఆ వెర్షన్‌ని గానీ, తర్వాతివాటిని గానీ టార్గెట్ చేసిన యాప్‌లకే ఇది వర్తిస్తుంది. దాని ఫలితం ఇది: మీ బ్యాంక్ యాప్ డెవలపర్ పొరపాటున తన ఫైల్‌కి సిహెచ్‌మాడ్ 777 పెట్టినా, పక్క యాప్ దాన్ని తెరవలేదు. ఇంటి తాళం ఊరందరికీ పంచినా, ఎయిర్‌పోర్ట్ గేటు తెరుచుకోదు.

"మరి గ్యాలరీ నుంచి వాట్సాప్‌కి ఫోటో ఎలా పోతోంది?" మంచి డౌట్. ఈ లెవెల్ రూల్ ఆపేది యాప్ సొంత ఫైల్‌ని ఇంకొకరు "ఓపెన్" చేయడాన్ని. ఓనర్ యాప్ తనే తెరిచి, తెరిచిన ఫైల్ హ్యాండిల్‌ని అవతలి యాప్ చేతిలో పెడితే అది చదువుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో షేరింగ్ ఆ దారిలో జరుగుతుంది.

ఇప్పుడు రాద్దాం

ఆండ్రాయిడ్ పాలసీ బిల్డ్ అయ్యాక ఫోన్‌లో కూర్చునే రూపం కామన్ ఇంటర్మీడియట్ లాంగ్వేజ్, పొట్టిగా సిల్. 2017లో ఆండ్రాయిడ్ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది. లిస్ప్ చూసినవాళ్లకి చుట్టం లాంటి భాష, అంతా బ్రాకెట్లే. బోర్డు మీద ఒక లైట్‌ని వెలిగించే చిన్న సర్వీస్ ఉందనుకుందాం. పేరు దీపం. దీనికి లేబుల్ కావాలి.

(టైప్ దీపం)
(రోల్‌టైప్ ఆర్ దీపం)
(టైప్ దీపం_ఎగ్జెక్)

రెండు టైప్స్ ఎందుకు? ఒకటి నడిచే ప్రాసెస్‌కి, రెండోది డిస్క్ మీద ఉన్న ప్రోగ్రామ్ ఫైల్‌కి. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. విమానం ఎక్కే మనిషి వేరు, అతని బ్యాగ్ వేరు.

మధ్య లైన్ చాలా చిన్నది, కానీ ముఖ్యం. "ఆర్ అనే రోల్‌లో దీపం అనే టైప్ ఉండొచ్చు" అని చెప్తోంది. ఇది లేకపోతే విడివిడిగా ఆర్ సరైనదే, దీపం సరైనదే, కానీ యు:ఆర్:దీపం:ఎస్0 అనే కలయిక చెల్లదు. లేబుల్ అంటే నాలుగు పదాల వరస కాదు. యూజర్‌కి ఆ రోల్ ఉండాలి, రోల్‌కి ఆ టైప్ ఉండాలి, లెవెల్ ఆ యూజర్‌కి ఇచ్చిన హద్దులో ఉండాలి. మూడూ కుదిరితేనే కెర్నల్ దాన్ని లేబుల్ అంటుంది. కుదరకపోతే సర్వీస్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగ్‌లో "ఇన్‌వ్యాలిడ్ కాంటెక్స్ట్" అని పడుతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి టైప్‌కీ ఈ లైన్ విడిగా రాయరు. "డొమైన్" అనే గ్రూపులో చేరిస్తే గ్రూపు మొత్తానికీ ముందే రాసిన లైన్ వర్తిస్తుంది. అందుకే చాలామందికి ఇలాంటి లైన్ ఒకటి ఉందనే తెలియదు.

తర్వాత లెవెల్:

(లెవెల్ కింది_లెవెల్ (ఎస్0))
(లెవెల్‌రేంజ్ కింది_రేంజ్ (కింది_లెవెల్ కింది_లెవెల్))

లేబుల్‌కి కావాల్సింది ఒక లెవెల్ కాదు, రేంజ్. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని. మన సర్వీస్‌కి రెండు చివరలూ ఒకటే. స్క్రీన్ మీద మాత్రం రెండూ ఒకటైతే ఒక్కసారే, ఎస్0 అని చూపిస్తుంది. సిల్‌లో రాసేటప్పుడు రెండూ రాయాలి.

ఇక అసలు లేబుల్:

(కాంటెక్స్ట్ దీపం_లేబుల్ (యు ఆబ్జెక్ట్_ఆర్ దీపం_ఎగ్జెక్ కింది_రేంజ్))
(ఫైల్‌కాన్ "/వెండర్/బిన్/దీపం" ఫైల్ దీపం_లేబుల్)

మొదటి లైన్ లేబుల్‌కి ఒక పేరు పెట్టింది, రెండోది ఆ లేబుల్‌ని ఒక ఫైల్‌కి కట్టింది. పేరు పెట్టకుండా నాలుగు ముక్కల్నీ నేరుగా ఫైల్‌కాన్ లోపలే రాయొచ్చు కూడా. ఒక్కచోటే వాడితే అలా రాసేయండి. పది చోట్ల వాడేదైతే పేరు పెట్టండి, రేపు మారిస్తే ఒక్కచోట మారిస్తే చాలు.

ఆండ్రాయిడ్‌లో ఫైల్‌కాన్ లైన్లు సిల్‌లో ఉండవు. ఫైల్_కాంటెక్స్ట్స్ అని వేరే ఫైల్ ఉంటుంది. ఎడమవైపు పాత్, కుడివైపు యు:ఆబ్జెక్ట్_ఆర్:దీపం_ఎగ్జెక్:ఎస్0 అని. భావం అదే, బ్రాకెట్లు ఉండవు. పాత్‌ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా చదువుతుంది కాబట్టి పేరులో చుక్క ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం మర్చిపోవద్దు. లేబుల్ చివరికి డిస్క్ మీద ఆ ఫైల్‌తో పాటే, సెక్యూరిటీ.ఎస్ఈలినక్స్ అనే ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్‌గా కూర్చుంటుంది.

ప్రోగ్రామ్ ఫైల్ లేబుల్ నుంచి ప్రాసెస్ లేబుల్ రావడానికి ఇంకో లైన్:

(టైప్‌ట్రాన్సిషన్ ఇనిట్ దీపం_ఎగ్జెక్ ప్రాసెస్ దీపం)

"ఇనిట్ ఎవరైతే ఉన్నారో, ఆయన దీపం_ఎగ్జెక్ ఫైల్‌ని నడిపితే పుట్టే ప్రాసెస్‌కి దీపం అని పేరు పెట్టు." ఇది పేరు పెట్టడమే, అనుమతి కాదు. అనుమతికి అలౌ రూల్స్ విడిగా కావాలి.

ఇప్పుడు రెండు కందుకూర్ల సంగతి. ఇద్దరు డెవలపర్లు ఒకే పేరుతో టైప్ రాస్తే? సిల్‌లో బ్లాక్ అనే సౌకర్యం ఉంది. (బ్లాక్ తెలంగాణ (టైప్ కందుకూరు)) అని రాస్తే పూర్తి పేరు తెలంగాణ.కందుకూరు అవుతుంది. ఇంకోటి ఆంధ్ర.కందుకూరు. రెండూ ఒకే పాలసీలో గొడవ లేకుండా ఉంటాయి. బస్సు బోర్డు మీద కూడా ఇలాగే రాస్తే మాకు పార్సిల్స్ తప్పిపోవు. ఆండ్రాయిడ్ వాళ్లు బ్లాక్స్ వాడరు, పేరు ముందు ఏదో ఒకటి తగిలించి సరిపెట్టుకుంటారు.

లాగ్ చెప్పింది ఒకటి, చేయాల్సింది ఇంకోటి

సర్వీస్ నడిచింది, లైట్ మాత్రం వెలగలేదు. లాగ్‌లో ఇలా ఉంది: డినైడ్ రైట్, నేమ్ బ్రైట్‌నెస్, ఎస్‌కాంటెక్స్ట్ యు:ఆర్:దీపం:ఎస్0, టీకాంటెక్స్ట్ యు:ఆబ్జెక్ట్_ఆర్:సిస్‌ఎఫ్ఎస్:ఎస్0, టీక్లాస్ ఫైల్. అడిగింది ఎవరు, దేన్ని అడిగారు, ఏ పని అడిగారు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆడిట్2అలౌ అని ఒక టూల్ ఉంది. ఈ లాగ్ దానికి ఇస్తే రూల్ రాసిచ్చేస్తుంది: దీపం, సిస్‌ఎఫ్ఎస్ ఫైల్స్‌లో రాయొచ్చు. పేస్ట్ చేస్తే లైట్ వెలుగుతుంది. ఫోరమ్‌లలో తొంభై మంది ఇక్కడే థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోతారు.

ఇందులో తిరకాసు చూడండి. సిస్‌ఎఫ్ఎస్ అనేది స్లాష్ సిస్ కింద, ప్రత్యేకంగా లేబుల్ పెట్టనివాటన్నిటికీ ఉండే సాధారణ లేబుల్. డివైస్‌ని బట్టి అక్కడ ఛార్జింగ్ కంట్రోల్స్ ఉండొచ్చు, ఇంకేమైనా డ్రైవర్ల సెట్టింగ్స్ ఉండొచ్చు. ఒక లైట్ వెలిగించే సర్వీస్‌కి వాటన్నిటి మీదా రాసే హక్కు ఇచ్చేశాం. టూల్ తప్పు కాదు. దానికి ఇచ్చిన లేబుల్ అంత మొద్దుగా ఉంది. రూల్‌ని వెడల్పు చేయకూడదు, లేబుల్‌ని సన్నం చేయాలి:

(జెన్‌ఎఫ్ఎస్‌కాన్ సిస్‌ఎఫ్ఎస్ "/డివైసెస్/ప్లాట్‌ఫామ్/లెడ్స్" (యు ఆబ్జెక్ట్_ఆర్ సిస్‌ఎఫ్ఎస్_లెడ్స్ ((ఎస్0) (ఎస్0))))
(అలౌ దీపం సిస్‌ఎఫ్ఎస్_లెడ్స్ (డైర్ (సెర్చ్)))
(అలౌ దీపం సిస్‌ఎఫ్ఎస్_లెడ్స్ (ఫైల్ (ఓపెన్ రైట్)))

ఇక్కడ ఫైల్‌కాన్ కాకుండా జెన్‌ఎఫ్ఎస్‌కాన్ ఎందుకంటే, సిస్ కింద ఉన్నవి డిస్క్ మీద ఫైల్స్ కావు, కెర్నల్ అప్పటికప్పుడు చూపించేవి. లేబుల్‌ని దాచుకునే చోటు లేదు. అందుకే పాలసీలోనే పాత్ రాసి పెడతాం. ముందు స్లాష్ సిస్ రాయకూడదు, ఫైల్‌సిస్టమ్ లోపలి పాత్ మాత్రమే. పేరు లేకుండా నాలుగు ముక్కలూ నేరుగా రాసిన పద్ధతి ఎలా ఉంటుందో కూడా ఇందులో చూడొచ్చు.

ఇంకో గోతి ఉంది. మీరు షెల్‌లో చూసే స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ లెడ్స్ కింద ఉన్నవన్నీ సింబాలిక్ లింకులు. అసలు ఫైల్ డివైసెస్ కింద ఎక్కడో ఉంటుంది, ఒక్కో బోర్డుకి ఒక్కో చోట. జెన్‌ఎఫ్ఎస్‌కాన్ అసలు పాత్‌నే చూస్తుంది. లింక్ పాత్ రాసి "లేబుల్ మారట్లేదేంటి" అని కూర్చోవద్దు. ముందు రీడ్‌లింక్ హైఫన్ ఎఫ్ కొట్టి అసలు చోటు తెలుసుకోండి.

ఇలా లేబుల్‌ని సన్నం చేయడం లైట్ల దగ్గర చాదస్తంలా అనిపించొచ్చు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ బగ్స్ బయటపడ్డాయి, ఒక వీడియో ఫైల్‌తో ఫోన్‌లోకి దూరొచ్చని. అప్పట్లో మీడియాసర్వర్ అనే ఒకే ప్రాసెస్ వీడియో ఫైల్స్ విప్పేది, కెమెరా చూసేది, ఆడియో చూసేది. ఒక్క లేబుల్‌కి అన్ని అనుమతులు. ఆండ్రాయిడ్ 7లో దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో లేబుల్ ఇచ్చారు. బయటి నుంచి వచ్చిన ఫైల్‌ని విప్పే మీడియాఎక్స్‌ట్రాక్టర్‌కి నెట్‌వర్క్ లేదు, కెమెరా లేదు. దాంట్లో దూరినవాడు ఒక చీకటి గదిలో దూరినట్టే.

అప్‌డేట్ వస్తే లేబుల్ ఏమవుతుంది?

ఫోన్‌లో పాలసీ ఒక్కరిది కాదు. గూగుల్ వైపు సిస్టమ్ పార్టిషన్‌లో ఒక సిల్ ఫైల్, ఫోన్ కంపెనీ వైపు వెండర్ పార్టిషన్‌లో ఇంకోటి. సిస్టమ్ అప్‌డేట్ అయ్యి వెండర్ పాతదే ఉంటే? గూగుల్ కొత్త వెర్షన్‌లో ఒక టైప్‌ని రెండుగా విడగొట్టి ఉండొచ్చు. వెండర్‌కి పాత పేరే తెలుసు. అందుకే వెండర్ పాలసీలో పేర్ల చివర సిస్‌ఎఫ్ఎస్_30_0 అన్నట్టు వెర్షన్ తగిలిస్తారు, సిస్టమ్ వైపు ఒక మ్యాపింగ్ ఫైల్ "ఆ పాత పేరు అంటే ఇప్పుడు ఇవి" అని చెప్తుంది. రెండూ ముందే కలిపి కంపైల్ చేసిన ఫైల్ కూడా ఫోన్‌లో ఉంటుంది. అది సరిపోలకపోతే బూట్ అయ్యేటప్పుడు ఫోనే కూర్చుని మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. సిల్‌ని ఫోన్లలోకి తెచ్చింది ఈ అవసరమే.

పర్మిసివ్ అంటే మరి?

పర్మిసివ్‌లో లేబుల్స్ అలాగే ఉంటాయి. కెర్నల్ లెక్క అంతా వేస్తుంది, "కాదు" అని లాగ్‌లో రాస్తుంది, తర్వాత పోనిస్తుంది. జవాన్ రిజిస్టర్‌లో మీ పేరు రాసుకుని గేటు తీసేసినట్టు. మామూలు లినక్స్ పర్మిషన్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఆ క్షణమే ఫోన్ బజారున పడదు. కానీ సి205, సి743 లెక్క, మీడియాఎక్స్‌ట్రాక్టర్ చీకటి గది, అన్నీ కాగితం మీద మిగులుతాయి.

ఆండ్రాయిడ్ 4.3లో, 2013లో, గూగుల్ కూడా పర్మిసివ్‌తోనే మొదలుపెట్టింది. 4.4లో కొన్ని ముఖ్యమైన సర్వీసులకే గట్టిగా అమలు చేసి, 5.0లో అన్నిటికీ పెట్టింది. అంటే పర్మిసివ్ అనేది పాలసీ ఇంకా రాస్తున్నవాళ్ల కోసం ఉన్న దశ. రోమ్ డెవలపర్ కెమెరా డినయల్ ఒకటి సరిచేయలేక మొత్తం ఫోన్‌ని ఆ దశలో వదిలేస్తే, ఆ రోమ్ పూర్తికాలేదని అర్థం. కనీసం (టైప్‌పర్మిసివ్ దీపం) అని రాస్తే ఆ ఒక్క టైప్‌కే సడలింపు దొరుకుతుంది, మిగతా ఫోన్ భద్రంగా ఉంటుంది. టెస్టింగ్‌కి నేనైతే అదే వాడతా. మీ ఫోన్ ఏ మోడ్‌లో ఉందో చూడ్డానికి షెల్‌లో గెట్‌ఎన్‌ఫోర్స్ కొట్టండి. ఎన్‌ఫోర్సింగ్ అని రావాలి.

రూట్ చేసినవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యే ఇంకో కేస్ చెప్పి ఆపేస్తా. గేమ్ సేవ్ డేటాని రూట్ ఫైల్ మేనేజర్‌తో పాత ఫోన్ నుంచి తెచ్చి డేటా ఫోల్డర్‌లో పెడతారు. ఓనర్ కరెక్ట్‌గా మార్చారు, సిహెచ్‌మాడ్ కరెక్ట్, అయినా గేమ్ ఓపెన్ కాగానే క్రాష్. ఇలాంటప్పుడు చాలామంది ఎస్ఈలినక్స్‌ని పర్మిసివ్ చేసి "ఫిక్స్ అయింది" అంటారు. అలా చేయకుండా, ఎల్ఎస్ హైఫన్ పెద్ద జెడ్‌తో యాప్ ఫోల్డర్ లేబుల్, మీరు పెట్టిన ఫైల్స్ లేబుల్ పక్కపక్కన చూడండి. ఫోల్డర్‌కి ఎస్0 తర్వాత నాలుగు సి నంబర్లు ఉంటాయి. మీ ఫైల్స్‌కి ఉత్త ఎస్0 ఉంటుంది, లేదా పాత ఫోన్‌లోని యాప్ నంబర్ ప్రకారం వేరే సి నంబర్లు ఉంటాయి. ఫోల్డర్ లేబుల్‌ని కాపీ చేసి, సిహెచ్‌కాన్ హైఫన్ పెద్ద ఆర్‌తో ఆ ఫైల్స్ అన్నిటికీ పెట్టండి. గేమ్‌ని ఫోర్స్ స్టాప్ చేసి మళ్లీ తెరిస్తే మీ సేవ్ ఉంటుంది, ఎన్‌ఫోర్సింగ్ కూడా ఉంటుంది.